తడికకు ఇటువైపు పదకొండు రోజులు

నా చిన్నప్పుడు, మేము బందరులో ఉండగా, పదకొండు రోజులు మా అమ్మతో మాట్లాడలేదు. అలిగి కాదు.

అమ్మకి క్షయ. వెనక పంచలో తడిక కట్టి అవతల మంచం వేశారు. పళ్లెం, గ్లాసు వేరు. నేను తడిక దాటకూడదు. జబ్బు అంటుతుందని వీధిలో పిల్లలెవరూ నాతో ఆడేవారు కాదు. అందుకని తడికకు ఇటుపక్క కూర్చునేదాన్ని. అటునుంచి అమ్మ దగ్గుతూనే కబుర్లు చెప్పేది. మంగినపూడిలో తన చిన్నతనం, అక్కడ వాళ్ల నాన్న పట్టిన పండుగప్ప చేప పడవలోంచి మళ్లీ సముద్రంలోకి దూకడం. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని ప్రాణం తీసేదాన్ని.

ఒకరోజు మా నాయనమ్మ గదమాయించింది. "దాన్ని మాట్లాడించకే! ఉన్న కాస్త ఊపిరీ అయిపోద్ది."

ఊపిరంటే డబ్బాలో బియ్యం లాంటిదనుకున్నాను. ఒక్కో మాటకీ ఒక్కో గుప్పెడు. అంతే, నోరు కట్టేసుకున్నాను. పండుగప్ప కథ సగంలోనే ఉండిపోయింది. అమ్మ పిలిచేది. నేను అక్కడే ఉండి కూడా పలికేదాన్ని కాదు. కొన్నాళ్లకి పిలవడం మానేసింది.

పన్నెండో రోజు పొద్దున, అమ్మకి ఎముకల పులుసు కాయాలని నన్ను మాంసం కొట్టుకి పంపారు. ఆ కొట్టు సాయిబు గారిని పిల్లలందరం మావయ్యా అనే పిలిచేవాళ్లం. అమ్మకెలా ఉందని అడిగాడు. నేను ఉలకలేదు, పలకలేదు.

"ఏమ్మా, నాలుక ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

దాంతో ఏడుపు ముంచుకొచ్చింది. వెక్కుతూ అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. కొక్కేనికున్న మేక ఊపిరితిత్తులు దించి, దొడ్లోంచి బొప్పాయి కాడ తెంచుకొచ్చి, వాటి ఊపిరి గొట్టంలో పెట్టి ఊదాడు. ముడుచుకున్నది కాస్తా పూరీలా పొంగింది. వదిలేస్తే దిగిపోయింది. మళ్లీ ఊదాడు. మళ్లీ పొంగింది.

"అయిపోయిందా? బియ్యం డబ్బా కాదు తల్లీ ఇది. పోయినంత మళ్లీ వస్తది."

కింది అంచున ఒక ముక్క మాత్రం ఎంత ఊదినా పొంగలేదు. కార్జంలా నల్లగా, గట్టిగా ఉంది. అదేమిటని అడిగాను. ఆయన ఆ ముక్కనీ, పక్కనున్న గులాబీరంగు ముక్కనీ కోసి నీళ్ల బకెట్లో వేశాడు. గులాబీది తేలింది. నల్లది బుడుంగున మునిగింది. గాలి ఉండాల్సిన చిన్న చిన్న గదుల్లో జబ్బు చేరి పూడుకుపోతే ఇలా బిగుసుకుపోతుందనీ, మేకకి జబ్బు వేరైనా, మా అమ్మ లోపల కూడా అక్కడక్కడా ఇలాగే పూడి ఉంటుందనీ చెప్పాడు.

"అమ్మ మునిగిపోద్దా మావయ్యా?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "అది డాక్టరుగారికి తెలియాలమ్మా, నాకేం తెలుసు. కానీ మాటల వల్ల మాత్రం మునగదు. గాలి నీ వైపు నుంచి అటు పోయేలా దూరంగా కూర్చో. అలిసిపోతే ఆవిడే ఆగుద్ది."

ఎముకలు వంటింట్లో పెట్టి, గాలివాటం చూసుకుని గుమ్మంలో కూర్చున్నాను. "అమ్మా, పండుగప్ప దూకింది కదా, తర్వాతేమైంది?" అన్నాను.

అటునుంచి మంచం కిర్రుమంది.

"నన్ను చూసి భయపడ్డావనుకున్నానే," అంది అమ్మ. ఆ తర్వాత, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచే అందుకుంది.

సూదిమందు మొదలుపెట్టారు గానీ, అప్పటికే ఆలస్యమైంది. వానాకాలం వెళ్లేదాకా ఉంది అమ్మ. అన్నాళ్లూ చెప్పినవన్నీ నా దగ్గర ఉన్నాయి, మధ్యలో దగ్గు ఎక్కడొచ్చిందో దాంతో సహా. ఆ పదకొండు రోజులవే లేవు. ఏం చెప్పి ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు నాకూ ఆయాసమే. ఏళ్ల తరబడి పొయ్యి పొగ తిన్న ఊపిరితిత్తులని గుడివాడ డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించారు. చూడ్డానికొచ్చినవాళ్లు "మాట్లాడకండి మామ్మగారూ, అలిసిపోతారు" అంటారు. కిటికీ తీసి కుర్చీ దగ్గరికి జరుపుకోమని, పండుగప్ప దగ్గర మొదలుపెడతాను. మధ్యలో ఊపిరి అందకపోతే ఆగుతాను.

మళ్లీ వస్తుంది.