డీజిల్ కారులో గద్వాలకు, పెట్రోలు కారులో ఇంటికి

నాగర్‌కర్నూల్లో ఉంటూ పక్క ఊరి బడిలో పాఠాలు చెప్పే నేను, బస్సు కోసం నిలబడీ నిలబడీ విసిగిపోయి డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారు మాటెత్తితే మా ఆయన "మీ అన్నాచెల్లెళ్లు చూసుకోండి" అని మెల్లగా తప్పుకున్నారు. వీపనగండ్లలో సేద్యం చేసే మా అన్న సగం డబ్బు తానిస్తానన్నాడు. కాకపోతే డీజిల్ బండే కొనాలట. అప్పట్లో పెట్రోలుకీ డీజిలుకీ లీటరుకు పదిహేను రూపాయల దాకా తేడా మరి. నాకేమో చేతిలో తేలిగ్గా తిరిగే పెట్రోలు కారు మీద మనసు.

కొత్తకోటలో పాత కార్లు అమ్మే మాబుసాబ్ దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. ముందురోజే అన్న ఇంటికి వెళ్లి పడుకుని, ఇద్దరం తెల్లవారేసరికి అక్కడికి చేరాం. "డీజిల్‌ది పొద్దంత తిప్పి చూడుండ్రి. అక్కకు నచ్చకుంటె పెట్రోల్‌ది గీడనే ఉంటది" అన్నాడు మాబుసాబ్. వదినకు చీర కూడా తీసుకున్నట్టుంటుందని గద్వాలకు బయలుదేరాం. స్టీరింగ్ ముందు కూర్చున్నది ఎవరో వేరే చెప్పాలా? కొనేది నాకు, నడిపేది అన్న!

హైవే వదిలి ఆత్మకూరు మీదుగా వెళితే జూరాల ఆనకట్ట మీద నుంచి గద్వాల చేరొచ్చు. ఆ వేళకు ఆనకట్ట పక్కన చేపలు వేయించి అమ్మేవాళ్ల పొయ్యిలు ఇంకా వెలగలేదు, చాయ్ మాత్రం దొరికింది, కప్పు రెండు రూపాయలు. నిండుగా నీళ్లు, చల్లటి గాలి, ప్రాణం లేచొచ్చింది. అన్న కూడా మంచి హుషారు మీదున్నాడు.

"డీజిలైతె మనకేం పరేషాన్ లేదు చెల్లె. ఇంట్ల డ్రమ్ముల ఎప్పటికీ ఉంటది. ట్రాక్టరుకు, పొలంకాడి ఇంజనుకు, కారుకు గదే."

"మరి కారు ఎక్కడుంటది అన్నా?"

"ఇంకేడ? మనింట్లనే. నీకు పనున్నప్పుడు తెచ్చిడుస్త."

అంటే నేను మళ్లీ బస్సు కోసం నిలబడాల్సిందేనన్నమాట! అన్న మనసులో కల్మషం లేదు, అదే చిక్కు. కోపం తెచ్చుకుందామన్నా వీలు కాదు. చాయ్ తాగేసి కారెక్కాను.

ఏడున్నరకు గద్వాలలో, మాకు ఎప్పుడూ చీరలు నేసిచ్చే పద్మక్క వీధిలోకి మలుపు తిరిగాం. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా కర్రల మీద మగ్గానికెక్కించే తెల్లటి నూలు దారాల పడుగు పరిచి ఉంది. ఇంకా గంజి తడి ఆరలేదు. అటూ ఇటూ నలుగురు కుంచెలు పట్టుకుని దువ్వుతున్నారు. అన్న బండి ఆపాడు గానీ ఇంజన్ ఆపలేదు. పొలం ఇంజన్ దగ్గర అలవాటు, ఆపితే మళ్లీ లేవదని భయం. వెనకనుంచి నల్లటి పొగ.

పద్మక్క కుంచెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఓ అన్నా, బంద్ చెయ్యి! తడి పడుగు మీద పొగ వడితె మసి అంటుకుంటది, ఇగ పోదు!"

"ఆపితె మళ్ల స్టార్ట్ కాదమ్మా..."

"కాకుంటె కాకపాయె, మేం నూకుతం!"

అన్న బిత్తరపోయి ఆపేశాడు. గాలి అటు వైపు లేదు కాబట్టి పడుగు బతికింది. మళ్లీ స్టార్ట్ చేస్తే పొగే కదా, బండిని వెనక్కి నెట్టడానికి వీధి జనమంతా కుంచెలు పక్కన పెట్టి వచ్చారు. బలమున్నవాడు కదా, అన్నను కూడా దింపి నెట్టమన్నారు. స్టీరింగ్ ముందు ఎవరు? నేనే! ఇటు గోడ, అటు మురుగునీళ్ల మోరీ, వెనక్కి చూసుకుంటూ పెద్దరోడ్డు దాకా తెచ్చాను. ఎక్కడా గీత పడలేదు. అన్న చెమట తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు మంచిగనే వస్తదే!" అన్నాడు, ఇన్నాళ్లూ నేను అబద్ధం చెబుతున్నట్టు.

పద్మక్క ఇంట్లో ఉప్మా తిని, వదినకు ఆకుపచ్చ అంచు చీర తీసుకున్నాం. తిరుగు ప్రయాణం ఎర్రవల్లి, బీచుపల్లి వంతెన మీదుగా హైవేలో, గంటన్నర. నడిపింది నేనే. కొత్తకోట చేరాక చెప్పేశాను: "అన్నా, నాకు పెట్రోల్‌దే కావాలె. నా కారు నా ఇంటి ముందుండాలె. నువ్వు సగం ఇయ్యకున్నా సరే, ఇంకో ఏడాది ఆగి నేనే కొంట."

మాబుసాబ్ చాయ్ తాగుతున్నట్టు నటించాడు.

"ఎందుకు ఇయ్య? ఇస్తనన్న గద!" అన్నాడు అన్న. "కానీ మనూర్ల పెట్రోల్ బంకు లేదు, ఎట్లొస్తవ్?"

"నింపుకొని వస్త."

డీజిలా పెట్రోలా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఎక్కువ తిరిగేవారికి డీజిల్ లాభమే, కాదనను. గద్వాలకు కారులో వెళ్లేవారికి ఒక్క మాట: పొద్దున్నే నేతవీధుల్లోకి బండి తీసుకెళ్లకండి, పెద్దరోడ్డు మీద ఆపి నడిచి వెళ్లండి. ఆ రోజు పెట్రోలు కారులో వీపనగండ్ల చేరేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది. చీర పొట్లం అందుకుంది గానీ విప్పి చూడలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, నా చెవిలో మెల్లగా అడిగింది: "నాకు గూడ నేర్పిస్తవా?"