ఢిల్లీకి మోసుకెళ్లిన బోరు నీళ్లు

హిందీ వచ్చిన పాపానికి కోటబొమ్మాళి చుట్టుపక్కల సర్పంచులంతా కలిసి నన్ను ఢిల్లీ పంపారు. మా పంచాయతీలకు మంచినీళ్ల పథకం కావాలి, దానికి కేంద్రం నుంచి నిధులు రాబట్టాలి. నేను రైలెక్కే ముందు, నాకు మేనల్లుడి వరసయ్యే మా ఊరి సర్పంచి బోరు నీళ్లు సీసాలో పట్టి తెచ్చాడు.

"కాయితాలు సూసి ఆళ్లు నమ్మరు మావా. అక్కడి ఆపీసర్ని ఓ గుక్క తాగమని సెప్పు. ఆ ఉప్పు నాలిక్కి తగిలితే ఆయనకే తెలిసొస్తాది."

ఢిల్లీలో ఆ సీసా ఒళ్లో పెట్టుకుని రోజూ నిధులిచ్చే శాఖ ఆఫీసు వరండాలో కూర్చునేవాణ్ణి. సాయంత్రం బంట్రోతు వచ్చి రేపు రమ్మనేవాడు. రోజంతటికీ నాతో ఎవరైనా మాట్లాడే మాట అదొక్కటే. చివరికి ఒకనాడు లోపలికి పిలిచారు. అధికారి నా మాట సగంలోనే తుంచి, పరిశీలిస్తామన్నాడు. ఒక గుక్క తాగి చూడమని నేను ముందుకు జరిపిన సీసాను తాకనైనా లేదు. పైగా నాకు దాహమేసిందనుకున్నాడో ఏమో, మినరల్ వాటర్ తెప్పించాడు. ఒళ్లు మండింది. ముట్టుకోకుండా లేచి వచ్చేశాను.

లాడ్జి గదికి చేరాక, చెప్పుకుందామంటే తెలుగు మాట తెలిసినవాడు ఒక్కడూ లేడు. సీసా మూత తీసి ఒక గుక్క తాగాను. అదే ఉప్పు, అదే తుప్పు వాసన. మా ఇంటి పెరట్లో నిలబడి తాగినట్టే ఉంది. ఇంకో గుక్క తాగాను.

మనుషులు తాగే నీళ్లు కావివని చెప్పడానికే అంత దూరం వెళ్లినవాణ్ణి, అడుగున మిగిలిన కాసిన్నీ మర్నాటికి దాచుకున్నాను.