గోల్‌పోస్టు ఆపినవి: ఒకటి

నేను సూర్యాపేటలో డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా హాకీ గోల్‌కీపర్‌నయ్యాను. ఎంపిక చాలా పకడ్బందీగా జరిగింది. కాలేజీకి కొత్తగా గోల్‌కీపర్ ప్యాడ్లు వచ్చాయి. ఎవరి కొలతలతో చేశారో గానీ మనిషి కన్నా కాస్త పెద్దవి. ఆటలు చూసుకునే పీడీ సార్ వాటిని వరసగా అమ్మాయిలందరికీ కట్టి నడిపించి చూశారు. పడిపోకుండా ఇరవై అడుగులు నడిచింది నేనొక్కదాన్నే. "ఈమె నడుస్తది" అని రాసుకున్నారు. బంతిని ఆపుతానా లేదా అన్నది ఆ రోజు చర్చకు రాలేదు.

మా దగ్గర ఆడపిల్లల హాకీ జట్లు మూడే ఉండేవి. మాది, కోదాడది, మిర్యాలగూడది. మైదానాలు అంత పెద్దవి కావు, అమ్మాయిలూ అంతమంది లేరు కనుక జట్టుకు ఏడుగురం ఆడేవాళ్లం. ఎవరితో ఎవరు ఆడినా మళ్లీ వాళ్లతోనే ఆడాలి. ఏడాది తిరిగేసరికి ఎదుటి జట్టు అమ్మాయిల ఇంటి సంగతులు కూడా మాకు తెలిసిపోయేవి.

మా జట్టులో తుంగతుర్తి వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్లది గొర్లు కాసే ఇల్లు. హాస్టల్లో నా పక్క మంచం, మైదానంలో నా ముందు చోటు ఆమెవి. ఫుల్‌బ్యాక్ ఆడేది. అంటే గోల్‌కు కాస్త ముందు నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి పంపడం. ఆమె పరుగెత్తడం నేను పెద్దగా చూడలేదు. ఎదుటి అమ్మాయి ఎటు తిరగబోతోందో ఆ పిల్లకే తెలియకముందు ఈమె అక్కడికి వెళ్లి నిలబడేది. బంతి తీసుకుని ఎవరికో ఇచ్చి, చున్నీ నడుముకు బిగించుకునేది. నేను వెనక నిలబడి మబ్బులు చూసేదాన్ని.

ఆమెకు బీపీఈడీ చేసి ఆటల టీచర్ కావాలని ఉండేది. వాళ్ల నాయినకు దాని మీద కోపమేం లేదు, లెక్క ఉంది. మూడో ఏడాదిలో ఒకసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు గేటు దగ్గర నా ముందే చెప్పాడు.

"నువ్వు పోతే మంద కాడ ఒక మనిషి తక్కువైతది బిడ్డా. మీ అన్న డ్రైవింగ్ అని పాయె. మీ అమ్మకు మోకాళ్లు. బాగ ఆడుతున్న అని నువ్వే అంటివి, నీ దోస్తులే అంటిరి. బయటోళ్లు రాసిచ్చిన కాయితం ఒక్కటి తే. నేనే దిగబెట్టొస్త."

"ఏం కాయితం నాయినా?"

"నాకేం తెల్వాలె? ముద్రుండాలె."

ఆ ఏడాదే మూడు కాలేజీలు కలిసి 'ఈ ఏటి ఉత్తమ క్రీడాకారిణి' అని ఒక బహుమతి పెట్టాయి. షీల్డు, సర్టిఫికెట్, సర్టిఫికెట్ మీద మూడు కాలేజీల ముద్రలు. ఒకటి అడిగితే మూడు. మా ఫుల్‌బ్యాక్ ఆ నోటీసును రెండుసార్లు చదివి, వెళ్లి బట్టలు ఉతుక్కుంది. ఆమె ఉత్సాహపడినప్పుడు అలాగే ఉంటుంది.

వారం తర్వాత పోటీలో ఉన్నవాళ్ల జాబితా వచ్చింది. కోదాడ నుంచి ఒక ఫార్వర్డ్. ఆమె కొట్టిన ప్రతి గోల్‌కూ పాట పెట్టిన రీల్ ఉండేది. వాటిలో ఒకటి రెండింటిలో వెనక నేలమీద పడి ఉన్నది నేనే. మిర్యాలగూడ నుంచి ఇంకో ఫార్వర్డ్. సూర్యాపేట నుంచి నేను.

పొరపాటేమో అని పీడీ సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన స్కోరు పుస్తకం తెరిచి చూపించారు. అందులో ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారన్నది ఒక గడి, ఏ గోల్‌కీపర్ ఎన్ని వదిలిందన్నది ఒక గడి. మూడు కాలేజీల్లో తక్కువ వదిలింది నేనేనట.

"మరి ఫుల్‌బ్యాక్ సార్?"

"ఆమెకు గడి లేదమ్మా. ఏం రాయాలె? రానియ్యలేదు అని రాస్తరా ఎక్కడన్న?"

హాస్టల్‌కు వచ్చి చెబితే ఆమె నవ్వింది. "మంచిదే గదనే. నీకొస్తే నాకొచ్చినట్టే" అంది. అది అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు. నా పేరున్న కాగితం చూసి వాళ్ల నాయిన ఆమెను ఎక్కడికీ పంపడు. ఆ రాత్రి మెస్‌లో ఆమె నా ప్లేటు కూడా కడిగింది. నాకు అన్నం సరిగా దిగలేదు. అది మామూలుగానూ సరిగా దిగే అన్నం కాదు గానీ, ఆ రోజు కారణం వేరు.

ఎంపిక మా మైదానంలోనే. ముగ్గురు పీడీ సార్లు, వాళ్లతో పాటు షీల్డు ఇస్తున్న మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని. ఆయన కారు మీద చుట్టిన ఫ్లెక్సీ ఒకటి కట్టి ఉంది. తుంగతుర్తి నుంచి ఫుల్‌బ్యాక్ వాళ్ల నాయిన కూడా వచ్చాడు. బిడ్డ పేరు జాబితాలో లేదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. గీత అవతల కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డాడు.

ముగ్గురు సార్లు ముగ్గురి పేర్లు చెప్పారు. ఎవరి కాలేజీ వాళ్లది. ఇక తేల్చాల్సింది మిల్లు యజమాని. ఆయన హాకీ చూడటం అదే మొదలు.

"నేను వడ్లు కొనాలన్నా నాలుగు గింజలు పంటి కింద వేసి సూస్త" అన్నాడు. "గోల్‌కీపరమ్మా, నువ్వే చెప్పు. బంతులు బాగ ఆపుతవా?"

"నా దాకా రావు సార్."

"రాకుండ ఎట్ల ఉంటయ్?"

"మధ్యలో ఒకామె ఉంటది. ఆమెను పక్కకు నిలబెట్టి ఒకసారి చూడండి. తర్వాత పెట్టి చూడండి."

మా సార్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సొంత వకీలే మాట మారిస్తే నిందితుడు అలా చూస్తాడు.

మిల్లు యజమానికి మాత్రం నచ్చింది. ఇద్దరు ఫార్వర్డ్‌లు చెరి అయిదుసార్లు బంతి తీసుకుని రావాలి. మొదట నేనొక్కదాన్నే. మా సార్ ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి రాయడానికి కూర్చున్నారు.

కోదాడ అమ్మాయి అయిదూ కొట్టింది. మిర్యాలగూడ అమ్మాయి నాలుగు కొట్టింది. అయిదోది గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయింది. నేను అప్పటికి అవతలి పక్కకు దూకి ఉన్నాను.

కోదాడ అమ్మాయి దగ్గరికొచ్చి మెల్లగా అంది: "ఏమనుకోకక్కా, నువ్వు ఆపుతావేమోనని చివర రెండూ నెమ్మదిగానే కొట్టాను."

తర్వాత మా ఫుల్‌బ్యాక్ వచ్చింది. చున్నీ బిగించుకుంది. కోదాడ అమ్మాయి అయిదుసార్లు వచ్చి, అయిదుసార్లూ బంతి లేకుండా తిరిగి వెళ్లింది. మూడోసారి ఆగి, "ఇదేందే, బంతి ఇప్పుడే ఉండె గదా" అని నేలంతా చూసింది కూడా. మిర్యాలగూడ అమ్మాయి నాలుగుసార్లు అలాగే వెళ్లి, అయిదోసారి ఎలాగో దూరం నుంచి ఒకటి వదిలింది. అది బయటికి పోయే బంతి. దాన్ని ఆపాలని నేను కాలు చాపాను. ప్యాడ్‌కు తగిలి లోపలికి వెళ్లింది.

మిల్లు యజమాని చప్పట్లు కొట్టి, "ఈ పిల్లే అసలు సరుకు" అన్నాడు. మా సార్ కూడా లేచి నిలబడి తన మాట మార్చుకున్నారు. మా ఫుల్‌బ్యాక్ చెవులు ఎర్రబడ్డాయి. నేను ప్యాడ్లు విప్పడం మొదలుపెట్టాను.

అప్పుడు యజమాని గుమస్తా వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ కారు వైపు చూశారు. ఫ్లెక్సీ ముందురోజే వేయించారట. ముగ్గురిలో ఫోటో బాగున్నది కోదాడ అమ్మాయిది కనుక, రీల్‌లోంచి అదే తీసి, నిలువెత్తున అచ్చేయించారు. కింద 'విజేతకు శుభాకాంక్షలు' అని ఉంది. పక్కన యజమానిది ఇంకా పెద్ద ఫోటో.

యజమాని కాసేపు ఆలోచించి, "షీల్డు ఎవరికన్న ఇయ్యొచ్చు. ఫ్లెక్సీ ఎట్ల మారుస్తం?" అన్నాడు. కోదాడ అమ్మాయి షీల్డు అందుకుని ఫోటో దిగింది. సర్టిఫికెట్ మీద మూడు ముద్రలూ ఆమెకే పడ్డాయి.

జనం కదిలాక ఫుల్‌బ్యాక్ వాళ్ల నాయిన గీత దాటి, మా ఇద్దరితో ఉన్న పీడీ సార్ దగ్గరికి వచ్చాడు. ఆమె తల దించుకుని స్టిక్‌కు అంటిన మట్టి గోకుతోంది.

"సారూ, నా బిడ్డ నిలబడ్డంక ఎన్ని పోయినయ్?"

"ఒకటే."

"అది గూడ ఈ పిల్ల కాలుకు తాకే పాయె గదా?"

"అవును" అని నేనే ఒప్పుకున్నాను.

"నా మందల నేను కండ్లు పెట్టుకొని సూసినా ఇంతకన్న ఎక్కువ పోతయ్ సారూ. కుక్కలు, లారీలు, దొంగలు. పొద్దుమీకి లెక్క సరిపోతే ఎవడన్న మెచ్చుకుంటడా? ఎవ్వడు మెచ్చుకోడు. తక్కువైతేనే అడుగుతరు." మళ్లీ సార్ వైపు తిరిగాడు. "దీనికి కాయితం ఇయ్యరా?"

సార్ ఆ గీతల కాగితం తీశారు. మీద తేదీ వేసి, కింద సంతకం చేసి, ఆఫీసులోంచి ముద్ర తెప్పించి గట్టిగా వత్తారు. నాయిన దాన్ని అందుకుని కూతురి చేతికిచ్చి చదవమన్నాడు. ఆమె గొంతు సరిచేసుకుని చదివింది.

"ఫుల్‌బ్యాక్ లేకుండ దాడులు పది, గోల్స్ తొమ్మిది. గోల్‌పోస్టు ఆపినవి ఒకటి. గోల్‌కీపర్ ఆపినవి సున్న. ఫుల్‌బ్యాక్ ఉండంగ దాడులు పది, గోల్స్ ఒకటి."

"సున్న ఎవరిది?"

"ఈమెదే నాయినా."

ఆయన నన్ను కాసేపు చూశాడు. "పోనీ తియ్ బిడ్డా" అన్నాడు. తర్వాత కాగితం మడతపెట్టి, ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకున్నాడు. "ఆ ఆటల టీచర్ కాలేజీ ఎన్నడు తెరుస్తరో అడుగు. దిగబెట్టొస్త" అని బస్టాండు వైపు నడిచాడు.

చెప్పినట్టే దిగబెట్టి వచ్చాడు. ఆమె ఇప్పుడు మునగాల దగ్గర ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. నేను ఆ రోజు కావాలనే వదిలేశానని, స్నేహం కోసం త్యాగం చేశానని మా బ్యాచ్‌లో సగం మంది ఇప్పటికీ నమ్ముతారు. ప్రాణం పెట్టి దూకానని ఎంత చెప్పినా వినరు.

ఏడాదికోసారైనా తుంగతుర్తి వెళ్తుంటాను. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి ముందుగదిలో గోడకు కొట్టారు. ఎప్పుడు వెళ్లినా వాళ్లమ్మ కుర్చీ సరిగ్గా దాని కిందే వేసి చాయ్ ఇస్తుంది. చుట్టాలు ఎవరైనా ఉంటే నాయిన దాన్ని చూడకుండానే మొత్తం అప్పజెబుతాడు. సున్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాస్త ఆగి, చేత్తో నన్ను చూపిస్తాడు.