కూర్మమ్మ ఒంటికన్ను శిష్యుడు

కూర్మమ్మ కన్ను మామూలు కన్ను కాదు. పలాస జీడిపప్పు బట్టీల్లో ఈ మాట కాదన్నవాళ్ళు ఇంతవరకు లేరు. ఉన్నా కూర్మమ్మ ఉండనివ్వదు. పప్పు కంటబడగానే అది విరగని గుండో, చీలిన బద్దో, మచ్చదో చెప్పడం ఆవిడకి ఒక పనే కాదు. ఆ పిక్క ఏ తోటలో కాసిందో, దాన్ని ఏరిన పూట ఆ తోట రైతు పెళ్ళాంతో దెబ్బలాడాడో లేదో కూడా చెప్పేస్తుంది. ఒకసారి పరిగెత్తే రైలు కిటికీలో ఎవరో నములుతున్న పప్పు చూసి, "మా బట్టీదే, రెండో రకం" అందట. రైలు ఆగి ఉంటే రుజువయ్యేది.

అలాంటి కన్నున్న చోటికి బట్టీ యజమాని రమేష్‌బాబు పప్పు ఏరే కెమెరా యంత్రం తెచ్చాడు. పక్క బట్టీవాడు కొంటున్నాడని విన్నాక ఆయనకి కునుకు పట్టలేదు మరి. యంత్రం వెంట విశాఖ నుంచి పృథ్వీరాజ్ అనే ఇంజనీరు దిగాడు.

"మనిషి చూపుని చూసి దీన్ని తయారుచేశారమ్మా," అన్నాడతను కూర్మమ్మతో. "మన మెదడులో ఒక కణం గీతని పట్టుకుంటుంది, ఒకటి అంచుని, ఇంకోటి వంపుని. అన్నీ కలిసి ఇది జీడిపప్పు అని తేలుస్తాయి. ఇదీ అంతే, పొరలు పొరలుగా చూస్తుంది."

"పెళ్ళిసూపులని సెప్పు బాబూ. ఒకలు ముక్కు సూస్తారు, ఒకలు నడక సూస్తారు, ఆకరికి పెద్దోలు మాటిస్తారు."

యంత్రానికి చూపు నేర్పే పని కూర్మమ్మకే పడింది. తెర మీద పప్పు బొమ్మ పడగానే ఆవిడ "గుండు" అనో "మచ్చ" అనో అంటుంది, పృథ్వీరాజ్ మీట నొక్కుతాడు. కొన్నాళ్ళకి యంత్రం ఆవిడ చెప్పినట్టే చెప్పసాగింది. ఇక బజారంతా చాటింపే.

"నా కన్నే తీసి అందులో పెట్నారు. నాకింకా రెండున్నాయి, అది వేరే సంగతి."

పరీక్ష పెట్టే రోజున రమేష్‌బాబు తేల్చి చెప్పాడు. "పాసైతే యంత్రం పక్కన కుర్చీ వేసి నిన్ను మేస్త్రీని చేస్తాను. ఫెయిలైతే దాన్ని వెనక్కి పంపేసి, నిన్ను తొక్కలు వలిచే చోట కూర్చోబెడతాను."

తొక్కలు వలిచే అసిరమ్మ వెంటనే అందుకుంది. "రాయే వొదినా, నీకు పీట తుడిసి ఉంచినాను!"

బట్టీ బట్టీ అంతా యంత్రం చుట్టూ మూగి నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. కూర్మమ్మ చటుక్కున కాటుక భరిణె తీసింది. ఇన్ని కళ్ళు పడితే పసిదానికి దిష్టి తగలదూ! కాటుక వేలికి రాసుకుని దాని బుగ్గ కోసం వెతికింది. యంత్రానికి బుగ్గ లేదు. ఉన్నదల్లా ఒక్క కన్ను. ఆ కంటి ముందున్న అద్దానికే చుక్క పెట్టేసింది.

యంత్రం తిరిగింది. వచ్చిన ప్రతి పప్పునీ మచ్చది, మచ్చది అంటూ పక్కకి తోసేసింది. రమేష్‌బాబు ముఖం మాడిన పప్పులా అయింది. పృథ్వీరాజ్ లాప్‌టాప్ ముందు కూలబడి, కరెంటు బాగోలేదన్నాడు, గాలిలో తేమన్నాడు, డేటా చాల్లేదన్నాడు.

కూర్మమ్మ తెర వంక చూసింది. ప్రతి పప్పు మీదా ఒకే చోట, ఒకే మసక. తన కాటుకని తను గుర్తుపట్టదా? చెబితే పరువు పోతుంది, ఊరుకుంటే కుర్చీ పోతుంది. చివాల్న లేచింది.

"ఒరే, నానేటి నేర్పినాను, నివ్వేటి సేస్తన్నావు? కళ్ళు తెరిసి సూడు!" అంటూ, చీమిడి ముక్కు తుడిచినట్టు కొంగుతో దాని అద్దాన్ని బరబరా తుడిచింది.

అంతే, గుండ్లు గుండ్లలో, బద్దలు బద్దల్లో పడ్డాయి.

"సూసినారా, కసిరీవోలు ఉండాలి!" అంది కూర్మమ్మ.

"సెట్టింగు మార్చాను సార్!" అని అదే క్షణాన అరిచాడు పృథ్వీరాజ్.

రమేష్‌బాబు ఇద్దరినీ నమ్మాడు.

జనం కదిలాక పృథ్వీరాజ్ ఆవిడ కొంగుకేసి చూస్తూ గొంతు తగ్గించాడు. "మనిషి కంట్లోనూ ఏమీ కనబడని చోటొకటి ఉంటుందమ్మా. చుట్టుపక్కల చూసి మెదడు దాన్ని పూడ్చేస్తుంది, మనకి తెలీదు. దీనికి మాత్రం ఎదర ఏముంటే అదే."

కూర్మమ్మ నల్లబడ్డ కొంగు చెరగు బొడ్లో దోపుకుంది. "నీ సెట్టింగు సంగతి నానడగను. నా కొంగు సంగతి నివ్వడక్కు."

ఇప్పుడు కూర్మమ్మ కుర్చీలోనే ఉంది. యంత్రం తేల్చుకోలేని పప్పులు పక్క పళ్ళెంలో పడతాయి, వాటిని ఆవిడ తేలుస్తుంది. ఎప్పుడైనా ఆవిడకీ అనుమానం వస్తే అటూ ఇటూ చూసి నోట్లో వేసుకుంటుంది.