పత్తి కొట్టంలో కాంటెస్సా

నిరుడు మా నాన్న పాత కాంటెస్సా కారుతో, తిన్నటి రోడ్డు మీద ఎవరు ముందు చేరతారో చూసే డ్రాగ్ రేసుల్లోకి దిగాను. "ఒరేయ్, మొదటిసారి ఏమీ మార్చొద్దు. ఉన్నది ఉన్నట్టే తోలు" అన్నాడు నా స్నేహితుడు, మెకానిక్ యేసుబాబు. రేటు పెరుగుతుందని పత్తి దాచిన కొట్టంలోంచి కారును అలాగే బయటికి తీశాను.

పొదిలి దగ్గర ఇంకా తెరవని బైపాస్ మీద రేసు. ఉక్కగా ఉందని ఏసీ ఫ్యాన్ వేస్తే గాలి రాలేదు. జెండా ఊపగానే యాక్సిలరేటర్ తొక్కి, హుషారుగా కేకేశాను. కారు ముందుకు దూకిన కుదుపుకి ఫ్యాన్ గొట్టంలో అడ్డుపడిందంతా ఊడొచ్చి తెరిచిన నా నోట్లో పడింది. మురిగిన పత్తి, ఎలుక పెంటికలు, ఎండిన తోక. ఛీ.

కారు ఆపి రోడ్డు మీదే కక్కుకున్నాను.

"నేనేమన్నా ఎలుకల్ని కూడా ఉంచమన్నానట్రా?" అన్నాడు యేసుబాబు, ముక్కు మూసుకుని.

ఏడాదైనా ఆ రుచి నా నాలుకని వదల్లేదు. మళ్లీ రేసుకు వెళ్తాను గానీ, నోరు మూసుకునే తోలతాను.