గ్యాటన్‌లో విప్పిన చక్రం

“లహరీ, మీ నాన్నతో చెప్పు. ఈ చక్రంతో ఆ కొండెక్కేటట్టయితే నేను ఇక్కడే దిగిపోతానని.”

“అత్తయ్యగారితో చెప్పమ్మా. ఐదు నట్లలో మూడు గట్టిగానే ఉన్నాయి, అరగంటలో ఊళ్ళో ఉంటామని.”

“లారీ కింద పడడానికి అరగంట ఎందుకు, అర క్షణం చాలు. అది కూడా చెప్పు.”

“నేనేం రేడియోనా? యూ టూ ఆర్ స్టాండింగ్ రైట్ నెక్స్ట్ టు ఈచ్ అదర్,” అంది లహరి.

నిజమే, ముగ్గురం ఒకే చక్రం చుట్టూ నిలబడి ఉన్నాం. కానీ అల్లుడితో అత్త ఎదురుపడి వాదించడం మా ఇళ్ళలో లేదు. ఏదన్నా అనాలంటే మధ్యలో ఒకరుండాలి. ఇన్నేళ్ళూ ఆ పని మా అమ్మాయి సుజాత చేసింది. ఆ ఆదివారం దానికి డ్యూటీ పడి రాలేదు, బరువు మనవరాలి మీద పడింది.

ఇదంతా గ్యాటన్ అనే ఊళ్ళో, పెట్రోలు బంకు పక్కన. బ్రిస్బేన్ నుంచి టూవూంబా వెళ్ళే దారిలో, కొండకి ముందు వస్తుంది ఆ ఊరు. మేం బయల్దేరిన పని ఏమిటంటే, లహరికి నర్సు ఉద్యోగం వచ్చింది. టూవూంబా దాటాక ఇంకా ముప్పావుగంట పోవాలి ఆ ఆస్పత్రికి. సోమవారం పొద్దున ఏడింటికి మొదటి డ్యూటీ. టూవూంబాలో గది దొరికింది గాని అక్కణ్ణించి ఆ ఊరికి బస్సు లేదు. కారుంటేనే ఉద్యోగం. అందుకని పాత కారొకటి కొన్నారు. పిల్లనీ సామాన్లనీ దింపి, సాయంత్రం బస్సులో నేనూ అల్లుడుగారూ తిరిగి రావాలని అనుకున్నాం.

సన్నీబ్యాంక్‌లో ఏడింటికి బయల్దేరాం. దారిలో కొనే పని లేకుండా డబ్బాలో ఇడ్లీలు, గిన్నెలో పెరుగన్నం పెట్టుకున్నాను. మీరెవరైనా వెళితే అలాగే పెట్టుకోండి. దారిలో దొరికేది రొట్టె, అందులోకి ఆకులు. ఇప్స్‌విచ్ దాటిందాకా ఇళ్ళే. ఆ తర్వాత నల్లరేగడి మడులు, వరసగా క్యాబేజీ, పాలకూర లాంటి ఆకుకూరలు. గట్టు మీద ఒక్క కలుపు మొక్క లేదు. అది చూస్తూ కూచున్న నాకు వెనక ఎడమ పక్కనుంచి టకటకమని వినబడింది.

“లహరీ, ఏదో కొట్టుకుంటోంది.”

అల్లుడుగారు పాట శబ్దం పెంచారు.

గ్యాటన్‌లో పెట్రోలుకి ఆగినప్పుడు లహరి దిగి చక్రం మూత ఊడదీసింది. చక్రానికి ఐదు స్టడ్డులుంటాయి. అవి లోపలినుంచి పొడుచుకొచ్చిన బోల్టులు. చక్రం వాటికి తగిలించి పైన నట్లు బిగిస్తారు. మాదాంట్లో ఒక స్టడ్డు మొదలంటా విరిగిపోయింది, నట్టుతో సహా లేదు. ఇంకో నట్టు వేళ్ళతోనే తిరుగుతోంది. మొదట నేను చెప్పిన పోట్లాట అప్పటిది.

చివరికి తీర్పు లహరే చెప్పింది. “నాన్నా, నడిపేది మీరు కాదు, నేను. రోజూ ఈ కారులోనే పోవాలి. ఐ యామ్ నాట్ గోయింగ్ అప్ లైక్ దిస్.”

రోడ్డుకి అవతల కార్ల విడిభాగాల కొట్టుంది, ఆదివారమైనా తీసే ఉంది. అల్లుడుగారు నడక వేగంతో కారు అక్కడిదాకా తెచ్చారు. నేను పక్కన నడిచాను, ఎక్కలేదు. కొట్టాయనకి నెరిసిన గడ్డం. విరిగిన ముక్క చూసి, ఆ చక్రానికి ఐదు స్టడ్డులూ మార్చమన్నాడు.

“చెడ్డవి రెండయితే ఐదెందుకు కొనాలే?” అన్నాను లహరితో.

“రెండూ పనిచెయ్యకపోతే వాటి బరువు మిగతా మూడూ మోశాయి కదా అమ్మమ్మా. అవి కూడా సాగి ఉంటాయి.”

ఇది నాకు తెలిసిన సంగతే. ఒక ఎద్దు కుంటితే రెండోదాని మెడ పుండవుతుంది. ఐదూ తీసుకోమన్నాను. నట్లు మాత్రం చెడినవాటికే కొత్తవి కొన్నాం.

కొట్టు వెనక ఖాళీ దొడ్డి చూపించి, సుత్తి, జాకీ, స్టాండు ఆయనే ఇచ్చాడు. యూనివర్సిటీలో ఉండగా స్నేహితురాలి కారుకి ఈ పని చేశానంది లహరి. ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కముక్కలు తన్నిపెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం లాగింది. లాగి అలాగే ఉండిపోయింది.

“వాట్ ఈజ్ దిస్ ఎల్లో స్టఫ్?”

వంగి చూశాను. నట్టు కూచునే గుంటల నిండా ఎండి పొడిపొడిగా రాలుతున్న ముద్ద. వేలితో తీసి వాసన చూశాను. పసుపు.

అల్లుడుగారు గొంతు సవరించుకున్నారు. “శుక్రవారం టైర్లు మార్చి పూజ చేశాం కదా. బయట పెడితే వానకి కడుక్కుపోతుందని, నట్టు బిగించే ముందు లోపల పెట్టాను. నాలుగు చక్రాలకీ.”

లహరి తండ్రి వంక చూసి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు సుత్తి కింద పెట్టింది. పచ్చి ముద్ద మీద నట్టు బిగించారు. ఎండి రాలిపోయేసరికి నట్టు వదులైంది, చక్రం కొట్టుకుని స్టడ్డులు తినేసింది. బిగించేటప్పుడు పానా మీద రెండు కాళ్ళతో నిలబడ్డారట కూడా.

నాకు మధ్యమనిషిని వెతుక్కునే ఓపిక లేకపోయింది. “బాబూ, పసుపు గడపకి పైన రాస్తాం. గడప కింద పెట్టి ఇల్లు కడతామా?” అన్నాను నేరుగా.

“లేదండీ,” అన్నారు ఆయన, నా వంక చూడకుండా.

పనుంది. హ్యాండ్‌బ్రేకు వదిలి, చక్రం వెనకుండే బ్రేకు డ్రమ్ము లాగారు. లహరి సుత్తితో పాత స్టడ్డుల్ని ఒక్కొక్కటే వెనక్కి కొట్టింది. కొత్తది వెనకనుంచి దూర్చి, ముందు నాలుగు వాషర్లు వేసి, ఒక పాత నట్టు తిరగేసి బిగిస్తూ పోతే స్టడ్డు తనంతట తాను లోపలికి వచ్చి కూచుంది. తల పూర్తిగా ఆనిందో లేదో ప్రతిదానికీ వెనక వేలు పెట్టి చూశారు అల్లుడుగారు. మూడోది వంకరగా ఉందని ఆయనే కనిపెట్టి, మళ్ళీ కొట్టించారు.

నేను బోర్లించిన పెట్టె మీద కూచుని, నాలుగు చక్రాల నట్లూ, పసుపు పట్టిన గుంటలూ పాత పళ్ళబ్రష్షుతో, పొడిగుడ్డతో శుభ్రం చేశాను. నూనె చుక్క వేద్దామంటే కొట్టాయన, “నో ఆయిల్, లవ్. కీప్ ఇట్ డ్రై,” అన్నాడు. నూనె రాస్తే జారి, తెలియకుండా ఎక్కువ బిగిసి స్టడ్డు సాగుతుందట. ఇక్కడ ముసలమ్మని కూడా లవ్ అనే పిలుస్తారు, మనం పట్టించుకోకూడదు.

నట్లు బిగించే పద్ధతి మాత్రం నాకు కొత్తగా అనిపించలేదు. ఒకటి బిగించి దాని పక్కది కాదు, ఎదురుది బిగించాలి. ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు ఒక పక్కే లాగితే రెండో పక్క ఉబ్బుతుంది. ఇదీ అంతే. ముందు అన్నీ కొద్దికొద్దిగా, కారు కిందికి దించాక గట్టిగా. సరిపడా బిగియగానే టక్కుమనే పానా ఒకటుంది. టక్కుమన్నాక ఆపాలి. అల్లుడుగారు ఒక్కసారి బిగించి, ఇంకో పట్టు పట్టబోయి ఆగిపోయారు. ఆ పానా కూడా కొని కూతురి డిక్కీలో పెట్టారు.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి రెండు దాటింది. దొడ్లోనే పెరుగన్నం తిన్నాం. కొట్టాయనకి ఇడ్లీ ఇస్తే వద్దనకుండా తీసుకున్నాడు.

కొండ దారి పెద్దది, వంపులున్నా వెడల్పు. లారీలు ఒక పక్కన మూలుగుతూ ఎక్కుతున్నాయి. లహరి నడిపింది. ఆయన ముందు సీట్లో తలుపు పిడి పట్టుకుని చెవులు రిక్కించి కూచున్నారు. పాట పెట్టలేదు. పైకి రాగానే చలి. చలికాలం వెళ్ళేవాళ్ళు రెండు స్వెట్టర్లు పెట్టుకోండి. గది శుభ్రంగా ఉంది, కుళాయి నీళ్ళు మాత్రం మంచుగడ్డలా చల్లన. సామాన్లు దించాక లహరి నట్లన్నీ మళ్ళీ చూసింది. కొత్త స్టడ్డుల మీద రెండు కాస్త బిగిశాయి. కొత్తవి ఒకటి రెండుసార్లు సర్దుకుంటాయట, రేప్పొద్దున బయల్దేరే ముందు ఇంకోసారి చూడాలట.

సాయంత్రం బస్సుకి మేమిద్దరమే. కొండ దిగుతుంటే కింద ఊళ్ళ దీపాలు. అల్లుడుగారు అన్నారు, “అత్తయ్యగారూ, నేను రోజూ వెంట వెళ్ళలేను కదా. వానకి పోనిది ఏదన్నా దాంతో ఉండాలనుకున్నాను.”

“తెలుసు బాబూ,” అన్నాను. “పిల్లకి పని వచ్చు. అది చాలు.”

బ్రిస్బేన్‌లో దిగి సన్నీబ్యాంక్‌కి రైలెక్కాం, టికెట్టు యాభై సెంట్లు. ఇంత పెద్ద దేశంలో నాకు నచ్చింది ఆ రైలూ, గ్యాటన్ మడులూ. ఊళ్ళ మధ్య దూరం మాత్రం నచ్చలేదు. ఇక్కడ పిల్లలు చక్రాల మీదే బతకాలి.

మర్నాడు పొద్దున టూవూంబా అంతా పొగమంచట. లహరి చీకటితోనే లేచి, టార్చి వేసుకుని నట్లన్నీ చూసుకుంది. ఒక్కటీ కదల్లేదు. ఏడింటికి ఇంకా టైముండగానే ఆస్పత్రి ముందు కారు ఆపి ఫోను చేసింది. అల్లుడుగారు ఎత్తి, విని, వంటగదిలోకి వచ్చారు.

“చేరిందటండీ,” అన్నారు.

“సరే బాబూ, కూచోండి,” అని కాఫీ కలిపాను.