అక్క అరవలేని ఒక్క మనిషి

నా చిన్నప్పుడు పక్కింటి అక్క గొంతు ఎంత మెత్తగా ఉండేదంటే, గింజలు చల్లి పిలిచినా పెరట్లో కోళ్లు తమని కాదనుకుని తిరుగుతుండేవి. కోతలనుకుంటే అనుకోండి. మాది ఉంగుటూరు దగ్గర కాలవ గట్టు ఊరు. అక్క తాడేపల్లిగూడెం కాలేజీలో చదువుతూ, మిలటరీ ఆఫీసరు కావాలని కేడెట్ల శిక్షణలో చేరింది. అక్కడ పెరేడ్ నేర్పే హవల్దారు గారితో రోజూ చివాట్లే. "ఆర్డరు వేస్తున్నావా, జోల పాడుతున్నావా?" అనేవారట.

అందుకని సాయంత్రాలు వీధిలో పిల్లలందర్నీ కాలవ గట్టున వరసగా నిలబెట్టి సాధన చేసేది. దానికో మెలిక పెట్టింది నేనే. అక్క ఆగమని గట్టిగా అరిచేదాకా ఆగకూడదు, నేరుగా కాలవలోకి నడిచెయ్యాలి. మొదట్లో రోజూ తడిసి ఇళ్లకెళ్లి తన్నులు తిన్నాం. పోనుపోను అక్క అరిస్తే అవతలి గట్టున గేదెలు కూడా ఆగిపోయేవి.

ఆ ఏడే కొల్లేటి లంకలో చర్చి పండక్కి మా రెండిళ్ల వాళ్లం పాస్టరు గారితో కలిసి పడవలో బయల్దేరాం. అక్క వాళ్ల తాతయ్య రిటైరైన మాస్టారు. ఆయన ఎదుట ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచి ఎరగరు. సరస్సు మధ్యకి వెళ్లేసరికి గాలి లేచింది. నీళ్లు పడవలోకి ఎగిరిపడ్డాయి. బట్టలు తడుస్తాయని కొందరు, భయంతో కొందరు లేచి ఒకే పక్కకి జరిగారు. పడవ ఒరిగింది.

"కూర్చోండి! ఎక్కడివాళ్లక్కడ కూర్చోండి! మావయ్యా, నీకే! వినపడట్లేదా?"

అక్క అరుపుకి వాళ్ల మావయ్య, మా నాన్న, పాస్టరు గారు, అందరూ కూలబడ్డారు. పడవ నిలదొక్కుకుంది. తాతయ్య ఒక్కరే పంచె పైకెత్తి పట్టుకుని, అరిచింది మన పిల్లేనా అన్నట్టు చూస్తూ నిలబడిపోయారు.

"తాతయ్యగారూ, మీరు కూడా కొంచెం..." అంది అక్క, నెమ్మదిగా.

మాట పూర్తి కాకుండానే ఇంకో కుదుపు. ఆయన వెనక్కి పడిపోయారు. నీళ్లు మరీ లోతేం కాదు. అడుగున బురద, పైన గుర్రపుడెక్క. మగవాళ్లు దూకి వెతికారు. దొరికేసరికి పొద్దు వాలిపోయింది, ఆయనలో ప్రాణం లేదు.

సమాధి దగ్గర్నించి వచ్చాక అందరూ అక్కని చుట్టుముట్టి, మా ప్రాణాలు నిలబెట్టావు తల్లీ అన్నారు. అక్క నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. నా జడ వేస్తూ అంది.

"అందరి మీదా అరిచానే. ఆయన మీదే నోరు రాలేదు. మర్యాదనుకున్నాను." జడ చివర ముడేసి, "నీకలాంటి రోజొస్తే అరిచెయ్యవే. కాళ్లు తర్వాత పట్టుకోవచ్చు," అంది.

తర్వాత ఆఫీసరైంది. సెలవులకి వచ్చేది. ఆ పడవ మాట ఇక ఎత్తలేదు. నేను నా కథల్లో చచ్చినవాళ్లనెందర్నో లేపి కూర్చోబెట్టాను. ఈ ఒక్క కథలో అది నాకు చేతకాలేదు.

మొన్నామధ్య గూడెం స్టేషన్లో మా అత్తగారు మెట్లెక్కలేక పట్టాలు దాటబోయారు. బండి వచ్చేస్తోంది. "ఏయ్, ఆగు!" అని అరిచాను, అంతమంది జనంలో, సొంత అత్తగారిని. ఆవిడ ఆగారు. అప్పట్నించి నాతో మాటల్లేవు. కాళ్లు పట్టుకున్నా కరగలేదు. మొహం అటు తిప్పుకుని అన్నం తింటారు. నేను ఎదురుగా కూర్చుని, ఆవిడ ఆఖరి ముద్ద మింగేదాకా చూస్తుంటాను.